మా రేవుని లెక్కపెట్టిన మూడు రోజులు

భువనేశ్వర్‌లో బడ్జెట్ పెట్టిన మర్నాడు మా ఊళ్లో పేపరుకి గిరాకీ ఉంటుంది. మిగతా రోజుల్లో అది పకోడీల కోసం వస్తుంది.

మా ఊరు గుణుపురానికి ఏరవతల. అలాగని మేం అనం. మా లెక్కలో గుణుపురమే అవతల. మధ్యలో వంశధార, దాని మీద ఒక పడవ, పడవ దిగాక పెద్దరోడ్డు దాకా ఒక మట్టిదారి. వర్షాకాలంలో ఈ మూడింటిలో ఏరొక్కటే సక్రమంగా పనిచేస్తుంది.

మా పిన్ని వంకాయలు పండిస్తుంది. వాటిని అవతలి సంతకి చేర్చడమే ఆవిడ బతుకు. ఏరు పొంగి పడవ ఆగిందంటే, కోసిన కాయలు రెండో రోజుకి మెత్తబడతాయి. మూడో రోజు గేదె కూడా ఆలోచించి తింటుంది. అందుకే బడ్జెట్ మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చేది. ఊళ్లో ఒడియా పేపరు గడగడా చదివే బీఏని నేనే మరి.

"ఒరే బీయ్యే, మన రేవు రాసేరేటి?"

"రోడ్లకీ రేవులకీ ఇంతని రాసేరు పిన్నీ. మనదని రాయలేదు."

"మనది రాయకపోతే ఇంకేటి రాసినట్టురా?"

నేను పేపరు మడిచి పకోడీలకి పంపేశాను.

ఏ రేవుకైనా డబ్బు రావాలంటే, దాన్ని రోజుకి ఎంతమంది దాటుతున్నారో ముందు లెక్క కావాలట. మిగతా చోట్ల టికెట్ల పుస్తకం చూస్తే తేలిపోతుంది. మా రేవుకి టికెట్టే లేదు. పంట నూర్చాక కళ్లంలోనే ఇంటికిన్ని కుంచాల వడ్లు పడవవాడికి కొలిచేస్తాం. ఆ తర్వాత ఏడాదంతా ఎన్నిసార్లు దాటినా అడిగేవాడు లేడు. తాతల నాటి ఏర్పాటు. కాగితం దృష్టిలో మాత్రం మా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ ఏరు దాటలేదు.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు వచ్చి రేవు పక్కన పెద్ద గొడుగు పాతారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నారు. పడవవాణ్ణి "దినకు కేతే లోక?" అని ఒడియాలో అడిగారు. రోజుకి ఎంతమందో వాడికీ తెలీదు. వడ్లయితే చెప్పగలడు గాని మనుషుల్ని వాడెప్పుడూ కొలవలేదు. రేపట్నించి మూడు రోజులు ఇక్కడే కూర్చుని దాటినవాళ్లని రాసుకుంటామని చెప్పి వెళ్లారు.

ఎందుకు రాసుకుంటారో వాళ్లనే అడిగితే తెలిసేది. మా ఊళ్లో సర్కారు మనిషిని ఎవరూ ఏమీ అడగరు. వాళ్లు వెళ్లాక మాలో మేమే తేల్చుకుంటాం.

"ఏటికొచ్చేరంతావు?" అని టీకొట్టు దగ్గర పదిమంది చుట్టూ చేరి నన్నడిగారు.

నాకు తెలీదు. తెలీదనడానికి నా డిగ్రీ ఒప్పుకోలేదు. "తలకింత పన్నేస్తారేమో. అందుకే తలలు లెక్కెడుతున్నారు" అన్నాను. నవ్వుతారని అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. నా హాస్యం మీద నాకు అనుమానం రావలసిన క్షణం అదే.

మర్నాడు రేవు ఖాళీ. అర మైలు పైకి వెళ్తే ఏరు నడుములోతుంటుంది. ఊరు ఊరంతా అక్కడ దిగి దాటింది. మా పిన్ని చీర ఎగ్గట్టి, వంకాయల తట్ట నెత్తిన పెట్టుకుని, మొలదాకా నీళ్లలో వెళ్లింది. పడవవాడు పడవలో పడుకుని నిద్రపోయాడు. పద్మపూర్ నుంచి వచ్చే ఒడియా మాస్టారికి ఈ సంగతి తెలియక ఆయనొక్కడూ దర్జాగా పడవెక్కాడు. మేకతో ఒక ముసలాయన కూడా ఎక్కాడు. మేకని రాయాలా వద్దా అని లెక్కవాళ్లిద్దరూ కాసేపు వాదించుకున్నారు.

మూడో రోజు సాయంత్రం గొడుగు మడిచి, లెక్కవాళ్లలో ఒకడు టీకొట్టుకొచ్చాడు. "ఈ రేవుకి మోటారు పడవా పక్కా రోడ్డూ అవసరమేమో చూసి రమ్మన్నారు. అవసరం ఉన్నట్టు లేదు" అన్నాడు నాతో. టీ బాగుందన్నాను.

తర్వాతి బడ్జెట్‌కి మా దిగువ ఊరి రేవుకి రోడ్డొచ్చింది, మోటారు పడవొచ్చింది. మనకెందుకు రాలేదని పిన్ని అడిగింది. "పైనెవరో తినేసుంటారు పిన్నీ" అన్నాను. మా ఊళ్లో సాక్ష్యం అక్కర్లేకుండా నమ్మే మాట అదొక్కటే. దాని చాటున నేను రెండేళ్లు హాయిగా ఉన్నాను.

పోయిన వర్షాకాలం వారం పైగా పడవ ఆగింది. కుళ్లిన వంకాయల్ని పెంటలో పోయడానికి పిన్ని నన్ను సాయం పిలిచింది. చెరో తట్టా మోస్తున్నాం.

"మన రేవు తిన్నోడి సేతులిరిగిపోను" అంది.

నా చేతుల్లో తట్ట ఉంది. ఎందుకో బరువెక్కింది. దించి, టీకొట్టు దగ్గర నేనన్న మాటా, ఆ లెక్క అసలు దేనికో, అంతా చెప్పేశాను.

పిన్ని తిట్టలేదు. తన తట్ట కూడా దించింది.

"అయితే పన్నుకి కాదా ఆళ్లొచ్చింది?"

"కాదు."

"ఆ మూడ్రోజులూ నువ్వేకాడ దాటేవురా?"

"దాటలేదు. ఇంటికాడే ఉన్నాను."

"అదీ! నాను మొలబంటి నీళ్లలో ఎల్లేను, బీయ్యే బాబు మంచమ్మీద పడుకున్నాడు. రాయి. మళ్లీ వొచ్చి లెక్కెట్టమని కాయితం రాయి. నీ వల్లే జరిగిందని కూడా రాయి."

రాశాను. నేను సంతకం పెట్టే ముందు పిన్ని దాన్ని మాస్టారి చేత చదివించింది, అదీ టీకొట్టు దగ్గర, అందరి ముందూ. నేనేం రాశానో నా మాట మీద నమ్మే రోజులు అయిపోయాయి. అప్లికేషన్‌లో నన్ను నేను కాస్త మర్యాదగానే తిట్టుకున్నాను. మాస్టారు తెలుగు చేసి చెప్పేటప్పుడు ఆ మర్యాద తీసేశాడు.

చలికాలంలో గొడుగు మళ్లీ వచ్చింది. ఒక్కొక్కరం పదేసిసార్లు దాటుదామని కొందరు కుర్రాళ్లు ఉత్సాహపడ్డారు.

"రోజూ దాటినట్టే దాటండి" అంది పిన్ని. "ఎక్కువైతే ఆడికీ అనుమానమొస్తాది. మనకున్నది సాల్దేటి?"

మొదటి పడవలో నన్ను ఎక్కించింది. లెక్కవాడు నన్ను గుర్తుపట్టాడు. "ఈసారి కనబడ్డారే!" అన్నాడు. నమస్కారం పెట్టాను.

ఈ ఏడు బడ్జెట్ అయ్యాక రోడ్ల ఆఫీసు గోడ మీద అంటించిన జాబితాని మాస్టారు ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాడు. పిన్ని ఆయన్ని ఒక అరుగు మీదా, నన్ను ఇంకో అరుగు మీదా కూర్చోబెట్టింది. ఒకరి తర్వాత ఒకర్ని, రెండోవాడికి వినబడకుండా, చదివించింది. ఇద్దరమూ మా రేవు పేరే చదివాం. పక్కా రోడ్డు, మోటారు పడవ. తేడా ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఇంకోసారి చదివించింది. దొరకలేదు.

"సరే, ఏసినాక సూద్దాం" అని వంకాయల తట్ట నెత్తికెత్తుకుని రేవుకి వెళ్లింది.

పిన్ని ఇంట్లో ధాన్యం గాదె పక్కన ఒక బస్తా విడిగా మూతి కట్టి ఉంది. ఆవిడ తిరిగొచ్చాక ఏమిటని అడిగాను. వచ్చే ఏడు పడవవాడికి ఇవ్వాల్సిన వడ్లట. మోటారు పడవ వచ్చినా రాకపోయినా ఉంటుందని ముందే కొలిచి ఉంచింది.