రక్తాన్ని తిట్టే జాందిరా

అందరూ మర్యాదగా దోనా అని పిలిచే జాందిరాకి ఉన్నది ఒకటే పిచ్చి: మనుషుల్ని వదిలేసి వాళ్ల రక్తంతో మాట్లాడుతుంది. రెసీఫే నగరంలోని ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా రక్తం తీస్తోంది. నరం దొరకలేదంటే చాలు, "ఏమే, పొద్దున్నే మొహం చాటేశావ్?" అని అందుకుంటుంది.

అలాంటావిడ గదికి డాక్టర్ రైస్సా పరిశోధన వచ్చి పడింది. మన కొవ్వులో మూలకణాలు కాపురముంటాయట. ఆపరేషన్ చేసి ఆ కొవ్వు తీసేస్తే అవి రక్తంలోకి బయల్దేరతాయా, లేదా? ఇదీ రైస్సా సందేహం. ఆపరేషన్‌కి ముందు ఒక ట్యూబు రక్తం, తర్వాత మూడో రోజున మరొకటి తీయాలి. ముప్పై మంది కావాలి.

జాందిరాకి పండగే పండగ. "ఇదిగో కణాలూ! మీ ఇల్లు కూలగొట్టారు, తెలిసిందా? మూటాముల్లే సర్దుకుని రోడ్డెక్కారా, పక్కింట్లో దూరారా? డాక్టరమ్మకి నిజం చెప్పండి!"

"అవి వినవు, దోనా జాందిరా," అంది రైస్సా.

"మా ఆయనా వినడు. మాట్లాడ్డం మానేశానా?"

ఓ రోజు ఒక ప్రొఫెసరుగారి రక్తాన్ని పట్టుకుని "చదువుకున్నదానివి, ఇంత బద్ధకమా!" అని కడిగేసింది. పాపం, రక్తం తరఫున ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. రైస్సాకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే హుకుం జారీ చేసింది: ఇకమీదట రక్తం తీసేటప్పుడు మాటల్లేవు.

మర్నాడు ముప్పయ్యో మనిషి వచ్చింది. పేరు లిండాల్వా, వీధిలో కర్రపెండలం అట్లు పోసి అమ్ముతుంది. ఆమెకి ఆపరేషనై అది మూడో రోజు. ఈ ట్యూబు తప్పితే మొదటిదీ వృథాయే. రైస్సా పరిశోధన అప్పజెప్పాల్సిన గడువు ఆ వారమే.

జాందిరా నోరు కుట్టేసుకుని సూది తీసింది. లిండాల్వా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దులే డాక్టరమ్మా. మొన్న సూది గుచ్చింది తెలీనే లేదు. ఇవాళ ఎటు చూసినా సూదే కనబడుతోంది."

"భయపడకండి!" అంది రైస్సా. లిండాల్వా లేచి గుమ్మం దాకా వెళ్లిపోయింది.

రైస్సాకి పై ప్రాణాలు పైనే పోయాయి. "దోనా జాందిరా, మీకు పుణ్యముంటుంది, మాట్లాడండి!"

"ఏయ్, లిండాల్వా రక్తమా! ఆవిడ పొయ్యి ముందు నిలబడి వీధి వీధంతా మేపుతోంది. నువ్వు మూల నక్కావా? సోమరిపోతా!"

లిండాల్వాకి రోషం పొడుచుకొచ్చింది. గిరుక్కున తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "నా రక్తాన్ని అన్నారంటే ఊరుకోను! నలుగురు పిల్లల్ని కన్న రక్తం ఇది!"

"ఏదీ, చూపించమను."

"చూస్కోండి!" అంటూ చెయ్యి చాపింది. పెద్దాణ్ణి కన్నప్పటి కష్టం మొదలుపెట్టి మూడోవాడి దాకా వచ్చేసరికి ట్యూబు నిండింది.

ఆమె బయటికెళ్లాక రైస్సా మెల్లగా అడిగింది. "అయితే మీరు రక్తంతో మాట్లాడటం లేదన్నమాట."

"నాకేం పిచ్చా, అమ్మాయ్? భయపడేవాళ్లతో 'భయపడకు' అంటే భయం రెట్టింపవుతుంది. అదే వాళ్ల రక్తాన్ని తిట్టామనుకో, దాని తరఫున దెబ్బలాటకొస్తారు. ఆ గొడవలో సూది ఎవరికి గుర్తుంటుంది?"

రైస్సాకి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఆవిణ్ణి గట్టిగా కావలించుకుంది. ఇంతలో లిండాల్వా మళ్లీ తలుపు సందులోంచి తొంగిచూసింది.

"దోనా జాందిరా, సూదికి జడిసి మా ఆయన పదేళ్లుగా షుగర్ పరీక్ష తప్పించుకుంటున్నాడు. సోమవారం లాక్కొస్తా. కాస్త గట్టిగా తిట్టండేం!"