నూకాలమ్మ అడిగిన రిపోర్టు

అప్పుడు నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. మూత్రంలో పోయే ప్రొటీన్లను బట్టి కిడ్నీ జబ్బును ముందే కనిపెట్టడం నా పరిశోధన. లోకాన్ని ఉద్ధరించే ఆ పని మీద మూత్రం నమూనాల కోసం సీసాల పెట్టె పట్టుకుని, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న సముద్రతీరపు పల్లె భావనపాడు వెళ్లాను.

చేపలమ్మే నూకాలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ప్రొటీన్ల తునకలైన పెప్టైడ్ల గురించి పావుగంట ఉపన్యాసం దంచాను. ఆమె ఓపిగ్గా విని, "ఒలే గుంటా, నీకు ముందొచ్చినోలూ సీసాలు పట్టుకెల్లినారు. నాకేటున్నాదో ఒక్కలైనా సెప్పినారా?" అంది.

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. సీసాల మీద పేర్లుండవనీ, ఫలితాలు జర్నల్లో వస్తాయనీ గొప్పగా చెప్పాను.

"ఆ జర్నలేదో మా ఇంటికొస్తాదేటి?" అంది.

పరువు దక్కించుకోవడానికి ఒక పరీక్ష పట్టీ తీసి, ఆమె మూత్రం పట్టి ఇచ్చిన సీసాలో ముంచాను. పట్టీ మీది పసుపు గడి చూస్తుండగానే ముదురు ఆకుపచ్చగా మారింది. ప్రొటీన్ బాగా పోతోందన్నమాట.

"పచ్చగైపోనాది. పాసైనట్టేనా?" అని ఆమె నవ్వుతూ అడిగింది.

ఆమె చెయ్యి పట్టుకుని, "కాదత్తా, రేపు నాతో ఆసుపత్రికి రావాలి," అన్నాను.

మర్నాడు రక్తపరీక్ష చేయించిన డాక్టరు, జబ్బు తొలిదశలోనే దొరికిందనీ, మందులు మానకుండా వాడితే అదుపులో ఉంటుందనీ చెప్పారు. తిరుగు బస్సులో నూకాలమ్మ, "నాను అడక్కపోతే నువ్వూ సెప్పకుండా ఎల్లిపోదువు కదే," అంది. నేను సంచిలోంచి పట్టీల డబ్బా తీసి, ఊళ్లో మిగతావాళ్లకు సరిపోతాయో లేదో లెక్కపెట్టాను.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా ముందు పట్టీ ముంచి, ఎవరి ఫలితం వాళ్లకు చెప్తాను. దీనివల్ల సైన్సు ఆలస్యమైపోతోందని మా ప్రొఫెసరు గారికి తగని బాధ.