రబ్బరు గొట్టం ఇవతలి కొస

మొన్న మా వీధి మలుపులో ఉండే మెకానిక్ నా స్కూటరుకు పెట్రోలు పైపు మార్చి, పగుళ్లు పట్టిన పాత ముక్కను చూడమని నా చేతిలో పెట్టాడు. నల్లబడిన రబ్బరు, దాని లోపల ఇంకా ఆరని పెట్రోలు, ఆ రెండూ కలిసిన వాసన ముక్కుకు తగలగానే ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ ముక్కను చెవికి ఆనించుకున్నాను. "అమ్మా, గది ఫోన్ గాదు," అని అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వాసనకూ నాకూ మధ్య తేలని తగాదా ఒకటి ఉంది.

పురానాపూల్ వంతెనకు కొంచెం ఇవతల, రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిన గల్లీలో మా ఇల్లు. తాతది పాల వ్యాపారం. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో ఒకప్పుడు పది బర్రెలు, నాకు తెలివి వచ్చేసరికి నాలుగు. తెల్లవారితే మూసీ ఒడ్డున కోసిన పచ్చగడ్డి మోపులు దిగేవి. వానాకాలంలో ఆ తడి గడ్డి వాసన, నానబెట్టిన పత్తిగింజల పుల్లటి వాసన, పేడ వాసన, ఏటి బురద వాసన కలిసి మా బట్టలకు, పుస్తకాలకు, చివరికి అన్నానికి కూడా పట్టేవి. ఎండాకాలంలో గోడల నిండా పిడకలు ఎండుతుంటే, సాయంత్రం వాటి వేడి తగ్గకముందే అమ్మ వాటిని వలిచి గంపలో పేర్చేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. దాని పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ కొట్టంలోకి, నా తొమ్మిదో ఏట, ఇంగ్లండులో తయారైన పందెపు కారు ఒకటి వచ్చింది. తాత ముప్పై ఏళ్లు పాలు పోసిన ఒక దేవిడీని, నవాబుల కాలపు భవంతిని, పడగొడుతుంటే, గుర్రాల సాల మూలన పాత పరదాల కింద అది బయటపడింది. రెండే సీట్లు, పైన బట్ట టాపు, ఆకుపచ్చ రంగు, ముందర కప్ప కళ్లలా పొడుచుకొచ్చిన రెండు లైట్లు. దేవిడీ పెద్దాయన తాతతో, "నీ కొడుకుకు ఇనుము పని వస్తదటగద, తీస్కపో," అన్నాడట. అది నడవదు కాబట్టి, సదర్ పండుగకు నూనె రాసి పూలదండలు వేసి ఊరేగించే మా దున్నపోతును దానికి కట్టి లాక్కొచ్చారు. దార్లో గాజుల దుకాణాల వాళ్లు కూడా గద్దెలు దిగి వచ్చి చూశారు. "యాదవులు కార్ల గూడ పాలు పిండుతరా ఏంది," అని ఎవరో అంటే గల్లీ అంతా నవ్వింది.

ఆ కొడుకే మా బాపు, కంచన్‌బాగ్ అవతల ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎర్రగా కాల్చిన ఇనుమును పెద్ద యంత్రపు సుత్తులు మోదే షెడ్డులో ఆయన పని. ఆదివారం వస్తే చాలు, తలస్నానం కూడా చేయకుండా కొట్టంలో చేరేవాడు. ఫ్యాక్టరీ పానాలు ఆ బండి నట్లకు ఒక్కటీ పట్టేవి కావు, ఇంగ్లీషు కొలతలు వేరట. అందుకని పాత పానాలను ఆకురాయితో గంటలకొద్దీ అరగదీసి, ఒక్కో నట్టుకు ఒక్కో పానా తయారు చేసుకుని, బర్రెల పలుపులు వేలాడదీసే మేకులకే వాటిని వరసగా తగిలించాడు. రేకు విప్పి చూస్తే లోపల చట్రమంతా కట్టె, ఆ కట్టెను సగం చెదలు తినేశాయి. దాన్ని చూడటానికి టాంగాలు చేసే రహీం మియా వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో చెద మట్టి రాల్చి, "క్యా బోలూ భాయ్, ఇంగ్లీషోల్లు గూడ టాంగానే చేసిన్రు. గుర్రాన్ని డబ్బల పెట్టి మూత ఏసిన్రు, గంతే," అన్నాడు. రెండు వానాకాలాలు ఆ కట్టె పనికే పోయాయి. తుమ్మ చెక్క చిత్రిక పడుతుంటే రాలే పొట్టు బర్రెల కింద పరుపయ్యేది.

ఇక నా సంగతి. ఆ బండికి రెండు కార్బొరేటర్లు, ఇంజను పక్కన ఒకదాని వెనక ఒకటి. రెండూ సరిసమానంగా గాలి పీలిస్తేనే ఇంజను కుదురుగా నడుస్తుంది. అది తెలుసుకోవడానికి మా దగ్గర ఉన్న పరికరమల్లా మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొస కార్బొరేటరు నోటి దగ్గర, ఇంకో కొస చెవిలో. గాలి 'స్‌స్' మని పోయే చప్పుడు ముందరి దాంట్లో ఎంత ఉందో వెనక దాంట్లోనూ అంతే వినిపించేదాకా మరలు తిప్పుతూ పోవాలి. బాపు వారాల తరబడి తిప్పాడు. ఇంజను జ్వరం వచ్చినదానిలా వణికేది, ఆగిపోయేది. ఒక ఆదివారం, పానా అందించడానికి కూడా రాని మా అన్న యాదగిరి అరుగు మీద పడుకుని ఉంటే, నేను ఆ గొట్టం తీసుకుని ఊరికే చెవిలో పెట్టుకున్నాను.

"బాపూ, ఎనక దాంట్ల చప్పుడు ఎక్కువున్నది."

ఆయన నా వంక చూశాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి అరిచి చెప్పాను. అప్పుడు నాకు అర్థమైంది, మా ఇంట్లో అందరం ఎందుకు గట్టిగా మాట్లాడుకుంటామో. సుత్తులు ఆయన చెవులను తినేశాయి. ఫ్యాక్టరీలో తెలిస్తే షెడ్డు నుంచి తీసేస్తారు, ఫిట్టరు పని పోతుంది. అందుకని ఎవరికీ తెలియకుండా, మనుషుల పెదాలు చూసి మాట అందుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఇంజను మీదికి వంగి, "ఎవలకు చెప్పకు బిడ్డా," అన్నాడు, అన్నీ పోగొట్టుకున్నవాడి ముఖంతో.

చెప్పలేదు. మాకిద్దరికీ ఒక లెక్క కుదిరింది. గొట్టం నా చెవిలో. ముందరి దాంట్లో గాలి ఎక్కువైతే కుడిచేతి వేలు, వెనక దాంట్లో ఎక్కువైతే ఎడమచేతి వేలు, రెండూ సమానమైతే పిడికిలి. నేను వేలు లేపడం, ఆయన మర తిప్పడం. సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆడపిల్లలంతా తంగేడు, గునుగు పూలు పేర్చుకుని చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను కొట్టంలో చెవి ఒగ్గి నిలబడి ఉన్నాను. ఆలస్యంగా పరుగెత్తుకెళ్తే, "జరగుండ్రే, పెట్రోల్ బతుకమ్మ అచ్చింది," అన్నారు. ఆ మాట పడ్డాను. ఎందుకంటే ఆ రోజే, నా పిడికిలి బిగిసిన క్షణాన, ఇంజను మొదటిసారి వణుకు మాని, కడుపు నిండిన బర్రె నెమరు వేసినంత నిమ్మళంగా నడిచింది. బాపు నా తల మీద నూనె చేయి పెట్టి, "దసరా నాడు బయటికి తీద్దం. నా పక్కకు నువ్వే కూసుంటవ్," అన్నాడు. అడిగి చెప్పించుకున్న మాట కాదు, తనంతట తానే అన్నాడు.

దసరా నాడు పానాలకు, సుత్తులకు, బండికి పసుపు కుంకుమలు పెట్టాం. ఇంట్లో మటన్ ఉడుకుతోంది, అమ్మ గారెలు తీస్తోంది, మసాలా వాసన కొట్టం దాకా వస్తోంది. నేను ఉన్నవాటిలో మంచిదైన పసుపు లంగా కట్టుకుని, గాలికి చెదరకుండా జడలు గట్టిగా వేయించుకుని, పొద్దున్నే తయారయ్యాను. జమ్మి ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవడానికి బాపు ఫోర్‌మన్ వచ్చాడు. ఇంజను స్టార్టు చేశారు. ఫోర్‌మన్ తల పంకించి, "గడియారం లెక్క నడుస్తున్నదయ్యా. ఎవలు సెట్ జేసిన్రు," అని అడిగాడు.

బాపు ఆయన పెదాలే చూస్తున్నాడు. అర్థం చేసుకుని, నవ్వి, తన చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఈ చెవే, సాబ్."

నేను అక్కడే ఉన్నాను. చేయి చాస్తే అందేంత దూరంలో. సరే, అది చెప్పలేని సంగతి, దానికి కారణం ఉంది, మింగాను. తలుపు తీసి ఎక్కబోతుంటే బాపు నా భుజం పట్టుకుని ఆపాడు. "అన్న కూసుంటడు తియ్యి. పెండ్లి గావాల్సిన ఆడిపిల్ల, టాపు తీసిన బండ్ల ఊరు తిరిగితె నలుగురు ఏమంటరు. నువ్వు రేపు కూసుందువు." నాకప్పుడు పదకొండేళ్లు. చెవిలో గొట్టం పెట్టుకున్నప్పుడు అడ్డం రాని నలుగురు సీటు దగ్గరికి వచ్చేసరికి వచ్చారు. చేతికి మసి అంటని యాదగిరి కొత్త చొక్కా వేసుకుని ఎక్కాడు. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు చిట్లాయి, బండి గల్లీ దాటి వంతెన వైపు పోయింది, పిల్లలంతా వెంట ఉరికారు. ఆ పూట అమ్మ మటన్‌లోంచి నాకోసం తీసిపెట్టిన నల్లిబొక్క నేను ముట్టలేదు. "అలిగి ఎవలను సాధిస్తవే," అంది అమ్మ.

ఆ రేపు రాలేదు. ఫోర్‌మన్ పిల్లలు ఎక్కారు. మేనత్త కొడుకు పెళ్లిలో పెళ్లికొడుకు ఎక్కాడు. రహీం మియా ఎక్కాడు, అది న్యాయం, కట్టె పని ఆయనది. నేను మాత్రం కొట్టంలో బండి నిలబడి ఉన్నప్పుడు సీటు తుడవడానికి ఎక్కాను. రెండు నెలలకోసారి ఇంజను మళ్లీ లయ తప్పేది, బాపు గుమ్మంలో నిలబడి గొట్టం చూపించేవాడు, నేను వెళ్లేదాన్ని. ఎందుకు వెళ్లేదాన్నంటే, రెండు చప్పుళ్లు ఒకటైపోయే ఆ క్షణం నాకు ఇష్టం. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియనిది అదొక్కటే.

నా పదిహేనో ఏట, ఒక ఆదివారం పొద్దున, ఫోర్‌మన్ ఫ్యాక్టరీ ఆఫీసరు ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చెవితో ఇంజను సర్దే మనిషిని చూపిస్తానని తీసుకొచ్చాడట. అమ్మ చాయ్ పెట్టింది. బాపు ఇంజను స్టార్టు చేసి, గొట్టం తన చెవిలోనే పెట్టుకుని, నన్ను ఎదుటి వైపు నిలబడమని కళ్లతో సైగ చేశాడు. ఇంజను చప్పుడు వినీ వినీ, గొట్టం లేకుండానే ఏది ఎక్కువో చెప్పగలిగేదాన్ని అప్పటికి. అది ఆయనకు తెలుసు. మరలు కొంచెం తిప్పి నా చేతుల వైపు చూశాడు.

"చెవి అంటే గిట్లుండాలె సార్," అన్నాడు ఫోర్‌మన్.

ఆ మాట కాకుండా ఇంకో మాట అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

బాపు ఆగాడు. మళ్లీ చూశాడు. నేను ఆయన కళ్లలోకే చూస్తూ నిలబడ్డాను. మరను ఒకవైపు తిప్పాడు, ఇంజను దగ్గింది. తొందరలో ఇంకా అటే తిప్పాడు, వణికి వణికి ఆగిపోయింది. వెనక నుంచి ఆఫీసరు, "ఏమైంది, కార్బొరేటరా," అన్నాడు. బాపు తిరగలేదు. ఫోర్‌మన్ పేరు పెట్టి పిలిచాడు. తిరగలేదు. ఆగిపోయిన ఇంజను మీదికి వంగి, చెవిలో గొట్టంతో, ఇంకా వింటున్నట్టే ఉన్నాడు. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి పంపించారు. ఆ తర్వాత బాపును సుత్తుల షెడ్డు నుంచి తీసేసి, గేటు పక్కన స్టోరులో, పనివాళ్లకు సబ్బులు, చేతితొడుగులు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బాపు ఫిట్టరు పని పోయింది. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది, అక్కడికి సరిపోయేది. మళ్లీ ఎప్పుడూ గొట్టం పట్టుకుని గుమ్మంలో నిలబడలేదు, అంతే. బండి ఏడాదిపాటు కొట్టంలో మురిగి, బొంబాయి నుంచి వచ్చిన ఎవరికో పోయింది. లారీ ఎక్కించేటప్పుడు చూడటానికి నేను బయటికి రాలేదు. బాపు ఇంకా ఇరవై ఏళ్లు బతికాడు. దసరాకు వచ్చిన చుట్టాలకు ఆ బండి కథ చెప్పేవాడు, తన చెవి తమ్మె పట్టుకుని చూపించేవాడు, పక్క సీటులో యాదగిరి కూర్చున్నాడని చెప్పేవాడు. నేను చాయ్ గ్లాసులు అందిస్తూ వినేదాన్ని. కథ మధ్యలో ఒక్కసారైనా నా వైపు చూస్తాడేమోనని ఏటా చూశాను.

ఇప్పుడు ఆ కొట్టం ఉన్నచోట మూడంతస్తుల బిల్డింగు, కింద సెల్‌ఫోన్ల దుకాణం. బర్రెలు ఊరి బయటికి పోయాయి, రహీం మియా పని టాంగాలతోనే పోయింది, ఏటి ఒడ్డు నుంచి గడ్డి మోపులు దిగడం లేదు. ఆకురాయితో అరగదీసిన పానాలు యాదగిరి ఇంట్లో ఉన్నాయి; బాపు గుర్తని అడిగితే, నువ్వేం చేసుకుంటావన్నాడు.

మెకానిక్ కొత్త పైపు బిగించి స్కూటరు స్టార్టు చేశాడు. "చూడమ్మా, సరిగ్గున్నదా," అన్నాడు, మాటవరసకు. లేదు, గాలి ఒక పిసరు ఎక్కువ పోతోంది. ఎడమచేతి వేలు లేపాను. అతనికేం తెలుస్తుంది. "ఏందమ్మా," అన్నాడు. చేయి దించుకుని, మర ఎటు తిప్పాలో నోటితో చెప్పాను.

మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ చెవి నాది. వెనక్కి పెట్టుకున్న ఆ చేతులు కూడా నావే.