రెండో వేలు ఎక్కడ?

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని మొన్న పిడుగురాళ్లలో బస్సు దిగగానే ఎవరో చెప్పారు. "మీరు చూశారా?" అన్నాను. ఏడుపు కన్నా ముందు అనుమానమే వచ్చింది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం మరి.

హియర్‌బై, దేర్‌ఆఫ్, వేర్‌ఇన్ లాంటి మాటల మీద నాకు మోజు పుట్టించింది ఆయనే. "భయపడకండర్రా, ఇవి మన ఇందు, అందు, ఎందులే. దండోరా వేసేవాడు 'ఇందుమూలంగా' అంటాడే, అదే హియర్‌బై. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళల్లో తిరిగిన మాటలే. జనం వదిలేస్తే కోర్టులు పట్టుకున్నాయి" అనేవారు.

మోజు కొద్దీ సెలవు చీటీలో 'హియర్‌విత్ ఐ హావ్ ఫీవర్' అని రాశాను. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనితోపాటు జ్వరం పంపుతున్నానన్నావు. ఏదిరా? దారిలో పడిపోయిందా?"

ఆ మాటల్ని ఆయన ప్రేమించారు గానీ నమ్మలేదు. ఏది కనిపించినా ఒక వేలు దాని మీద, రెండో వేలు అది చూపించే వస్తువు మీద పెట్టించేవారు. రెండో వేలికి చోటు దొరక్కపోతే, "అక్కడెవరో దాక్కున్నారు" అనేవారు.

ఓ వేసవిలో సున్నపు బట్టీ ఆయన మా బీడు చెక్కని కౌలుకు అడుగుతూ చేను దగ్గరికే ఇంగ్లీషు కాయితం తెచ్చాడు. రాళ్ళు పోసుకోవడానికట. నాన్న కలం తీశాడు. నేను పరిగెత్తి మాస్టార్ని తీసుకొచ్చాను.

"మామూలు కోర్టు భాషేనండీ" అన్నాడు బట్టీ ఆయన.

"మామూలే అయితే చూపించు. ఈ 'దేర్‌టు' మీద ఒక వేలు పెట్టు. 'దానికి చెందినవన్నీ' అంటున్నావు. అవేంటో రెండో వేలితో చూపించు."

"ఏంది మాస్టారూ, మనిషి ఎదురుగా ఉండగా అంత అనుమానం?" అన్నాడు నాన్న మొహమాటంగా.

"మనిషి మీద కాదయ్యా, మాట మీద."

బట్టీ ఆయన వేలు కదల్లేదు. చూపు మాత్రం ఆ చెక్క పక్కనే ఉన్న మా బావి వైపు వెళ్ళింది. బట్టీలో కాలిన రాయి విరిగి సున్నం కావడానికి నీళ్ళు కావాలి. మా మిరప నారుకీ ఆ నీళ్ళే. నాన్న కలం జేబులో పెట్టుకున్నాడు.

"వేరే రాయించుకొస్తా" అని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. మోసం చెయ్యాలనే వచ్చాడో, ఎవరో రాసిచ్చింది తెచ్చాడో నాకిప్పటికీ తెలియదు. మాస్టారు కూడా ఆయన్ని దొంగ అనలేదు.

సమాధుల దొడ్డి మా చేనుకు ఆనుకునే ఉంది. నిన్న మాస్టార్ని అక్కడే పెట్టాం. మట్టి పూడ్చినవాళ్ళు మా బావి దగ్గరికొచ్చారు. నాన్న ఎవర్నీ తోడనివ్వలేదు. తనే బొక్కెన వేసి చేదుతూ, ఒక్కొక్కరి చేతుల మీద ఎర్రమట్టి పోయేదాకా నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు.