చెల్లెలికి వేయని ఇంజెక్షన్

నర్సమ్మ ఆ ఆరోగ్య కేంద్రంలో ముప్పయ్యేళ్లుగా పనిచేస్తోంది. పిల్లలు ఇక చాలనుకున్న ఆడవాళ్లకు మూడు నెలలకోసారి ఇంజెక్షన్ వేయడం ఆమె పని. మొదట్లో ఆ మందంతా ఏదో దూరదేశం ఉచితంగా పంపేది. పెట్టెల మీద రాతలు కూడా వాళ్ల భాషలోనే ఉండేవి. "మన కాపురాల తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చూడండి!" అని ఆయా అందర్నీ నవ్వించేది.

ఒక ఏడు ఆ దేశంలో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు సాయం ఆపేశారు. అలమారాలో సీసాలు తరిగి తరిగి ఒక్కటి మిగిలిన రోజున నర్సమ్మ సొంత చెల్లెలు వచ్చి బెంచీ మీద కూర్చుంది. నలుగురు పిల్లల తల్లి. గుండె బలహీనంగా ఉంది, మరో కాన్పు తట్టుకోలేదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆమె పక్కనే, చంకలో బిడ్డతో రెండు బస్సులు మారి వచ్చిన ఒకామె కూర్చుంది.

"నీది పక్క వీధే కదే. జిల్లా స్టోరు నుంచి మందు లోడు రాగానే కబురు పెడతా, వచ్చే వారం రా," అంది నర్సమ్మ.

"నాకూ గడువు దాటిందక్కా... సర్లే, నేనెక్కడికి పోతాను! పాపం, ఆమెకివ్వు," అంటూ చెల్లెలు లేచింది.

అయినవాళ్లకు దాచిపెట్టిందన్న మాట పడకూడదని నర్సమ్మ పట్టుదల. ఆ మాట పడలేదు.

లోడు వారంలో కాదు, ఐదు నెలలకూ రాలేదు. చెల్లెలు నెల తప్పిన సంగతి సిగ్గుపడుతూ దాచి దాచి బయటపెట్టేసరికి నాలుగో నెల దాటింది. అప్పుడు తీయించడమూ ప్రమాదమేనన్నాడు డాక్టరు. కాన్పు బల్ల మీద అక్క చెయ్యి పట్టుకునే కన్నుమూసింది. బిడ్డా దక్కలేదు.

మిగిలిన నలుగురినీ నర్సమ్మే సాకింది.

ఏళ్లు గడిచాయి. మన దేశం ఆ మందుకు తన బడ్జెట్‌లోనే డబ్బు పెట్టుకుంది. ఇక్కడి ఫ్యాక్టరీలోనే తయారీ మొదలైంది. విదేశీ ప్రతినిధులకు వీడ్కోలు సభ పెట్టి, నర్సమ్మకు శాలువా కప్పారు. "ఇక మనం ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. రెండు ముక్కలు మాట్లాడమ్మా," అన్నాడు ఆఫీసరు. ఆమె మైకు ముందు నిలబడి, శాలువాతో కళ్లు తుడుచుకుని దిగిపోయింది. ఆనందం పట్టలేకపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆ నెలలోనే చెల్లెలి చిన్న కూతురు ఇంజెక్షన్ కోసం వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. వేశాక, ఆ చేతి మీద దూది అదిమిపెట్టి నర్సమ్మ ఇక ఆగలేకపోయింది. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా చెప్పేసింది.

"అంటే, ఆ రోజు ఒకటి ఉందా పెద్దమ్మా?"

"ఉంది."

"అమ్మ అడిగిందా?"

"అడిగింది తల్లీ."

పిల్ల దూది తనే తీసి పారేసి వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత నర్సమ్మ వారమంతా గుమ్మం వైపే చూసింది. ఇప్పుడు మందు ఏ కేంద్రానికి వెళ్లినా దొరుకుతుంది. అమ్మాయి అవతలి పేటలో వేయించుకుందని ఆయా తెలుసుకొచ్చింది.

"పోనీలెండమ్మా, వేయించుకుంది కదా," అంది ఆయా.

"అవును, వేయించుకుంది," అని నర్సమ్మ స్టోర్ గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.