లెక్కలోకి రాని సింకు

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. కబురు అంది సంతోష్‌నగర్‌లో ఆమె ఇంటికి చేరేసరికి పెరట్లో నల్లా కారుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నమ్మాను, అత్తమ్మ నిజంగానే లేదని.

భవనాల్లో పైపులు, నల్లాలు ఎలా ఉండాలో గీసిచ్చే ఇంజినీరు ఆమె. పెళ్లికి పోతే పెళ్లికూతురి కన్నా ముందు వంటల వెనక నీళ్లు పట్టే చోటు చూసొచ్చేది. "తిండి సంగతి తర్వాత చెప్త, నీళ్లయితే మస్తు పోతున్నయ్" అనేది. మూసీ మీద వచ్చిన కరపత్రమల్లా చదివి కనిపించినవాళ్లతో కొట్లాడే నన్ను తన వెంట పనికి తిప్పుకుంది.

అఫ్జల్‌గంజ్‌లో హాస్టల్ నడిపే ఒక సేటుకు హరిత భవనం గుర్తింపు కావాల్సి వచ్చింది. దానికి నీళ్ల లెక్క రాసే పని అత్తమ్మకిచ్చాడు. ఆ లెక్క తెలియనివాళ్లకు చెబుతాను. మామూలు నల్లాలతో పోలిస్తే ఎంత నీరు మిగులుతుందో చూపాలి. చేతులు కడుక్కునే సింకులు అందులోకి వస్తాయి. క్యాంటీన్ వంటగదిలో అన్నం, పప్పు వండే గంజులు నింపే పెద్ద సింకులు రావు. సేటు వాటికీ సన్నధార నల్లాలు బిగించి, అవీ కలిపి రాయమన్నాడు. కలిపితే పై గ్రేడు. కలపకపోతే తర్వాతి బిల్డింగు పని ఇంకొకరికి.

నాకు గ్రేడు కోసం అడిగిన సేటు మీదా, కుదరదన్న అత్తమ్మ మీదా కోపమొచ్చింది. "ఎక్కువ నీళ్లు తాగేదే వంటగది. దాన్నే లెక్క బయట పెడ్తరా అత్తమ్మా? గిదేం న్యాయం?" అని అక్కడే లొల్లి పెట్టాను.

"గరం గాకు బిడ్డా. నల్లా కాడ నిలబడి చూడు."

వంటమాస్టరు కొత్త నల్లా కింద గంజు పెట్టాడు. "మేడమ్, గిట్ల పడితే పొద్దటి పప్పు రాత్రికి పెడ్త" అన్నాడు. గంజు ఎప్పటికో నిండింది. పాత నల్లా కింద పట్టినన్ని నీళ్లే పట్టింది.

"చేతులు కడిగేటప్పుడు ధార సన్నగుంటే నీళ్లు మిగుల్తయ్. గంజుకేం మిగుల్తది? అది నిండాల్సిందే కద" అంది నాతో.

"ఒక్క లైను రాస్తే మీదేం పోతది మేడమ్?" అన్నాడు సేటు.

"రాస్తే నీ సర్టిఫికెట్‌ల మిగుల్తయ్ సేట్, ట్యాంకుల మిగలయ్."

రాయలేదు. గ్రేడు తగ్గింది, తర్వాతి పనీ పోయింది. అయినా సేటును వదల్లేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మోరీలోకి పోనియ్యకుండా వెనక చెట్లకు పైపు వేయమంది.

"దానికి మార్కులొస్తయా?"

"రావు. ఎండాకాలం చెట్లకు ట్యాంకర్ పిలుస్తున్నవ్ కద, గది తప్పుతది."

సణుగుతూనే వేయించాడు. ఇంటికొస్తూ ఆటోలో ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "లెక్కల లేని నీళ్లు గూడ మన నీళ్లే బిడ్డా."

పోయిన వారం అత్తమ్మ ఆఖరిచూపుకు సేటు కూడా వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "కొత్త బిల్డింగు వేరేటోళ్లకే ఇచ్చిన తమ్మీ. పైపు మాత్రం అక్కడ గూడ ఏయించిన" అన్నాడు. అతని మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

కరపత్రాలు ఇప్పుడూ చదువుతాను. కొట్లాడతాను కూడా. కాకపోతే ముందు నల్లా దగ్గరికి పోయి నిలబడుతున్నాను.

నిన్న ఆ హాస్టల్ వెనక్కి వెళ్లాను. పైపు చివర నుంచి బియ్యం కడిగిన తెల్లటి నీళ్లు కరివేపాకు చెట్టు మొదట్లోకి జారుతున్నాయి. లోపల పోపు చిటపటలాడుతోంది. వంటమాస్టరు గబగబా బయటికొచ్చి ఒక రెమ్మ తుంచుకుని పోయాడు. ఆయన వెళ్లాక కూడా కొమ్మ ఊగుతూనే ఉంది.