పడమటి వసారా గాలి

ఐన్ దల్బా కొండ మీద నజ్‌హా ఇంటికి పేరు తెచ్చింది దాని పడమటి వసారా. ఎండలు ముదిరితే కింద సముద్రం ఒడ్డునున్న బేరూత్ నగరం నుంచి ఆయాసం ఉన్న మనుషులు కొండెక్కి వస్తారు. వాళ్లకు గదులు అద్దెకిచ్చి, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవగానే వసారాలో కూర్చోబెట్టడం ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్న వైద్యం.

ఈసారి వచ్చింది సొంత అక్క విదాద్. నగరంలో కరెంటు సరిగా రాక, ఆమె కిటికీ కిందే వీధి జనరేటరు పగలంతా డీజిలు పొగ కక్కుతుంది. ఆ పొగలోంచి అక్కను లాక్కొచ్చి బతికించుకోవాలని నజ్‌హా పట్టుదల. పొద్దున జాతర్ ఆకుపొడి చల్లిన రొట్టె తింటూ కబుర్లు చెప్పే మనిషి, మధ్యాహ్నం వసారాలోకి వస్తే రొప్పేది. నజ్‌హా కుర్చీని ఇంకాస్త గాలికి జరిపేది.

"లోయలో పడేదాకా జరుపుతావే నువ్వు," అంది విదాద్, ఆగి ఆగి.

"మాట్లాడకుండా పీల్చక్కా. మసి తిని తిని మంచి గాలి అరగట్లేదు నీకు."

పదో రోజు విదాద్ పెదాలు నీలంగా మారాయి. ఊరి క్లినిక్‌లో ఆక్సిజన్ పెట్టాక, డాక్టరు మయ్యాదా ఏ వేళలో ఆయాసం ఎక్కువవుతోందని అడిగింది. మధ్యాహ్నమని నజ్‌హా చెప్పగానే, క్లినిక్ కప్పు మీది గాలి కొలిచే పెట్టె లెక్కలు తెచ్చి చూపించింది. సరిగ్గా ఆ వేళకే, నేల దగ్గర పీలిస్తే ఊపిరితిత్తులను మండించే ఓజోన్ వాయువు గీత నిటారుగా లేచింది. నగరం లెక్కల్లో చూస్తే, అదే సమయానికి విదాద్ వీధి వైపు అది సగం కూడా లేదు.

నజ్‌హా నమ్మలేదు. "ఆకాశం అద్దంలా ఉంది కదమ్మా. పొగేదీ?"

"కింద కార్లు, జనరేటర్లు వదిలిన పొగే, పిన్నీ. దారిలో ఎండకు ఉడికి, కంటికి కనపడని ఈ ఓజోన్‌గా మారుతుంది. వీధిలోనైతే అప్పుడే వచ్చిన పొగ దీన్ని తినేస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చింది మాత్రం మీ వసారాలో దిగుతోంది." అదే ఓజోన్ వేడిని కూడా పట్టి ఉంచుతుందని, మన ఎండలు ఇలా ముదరడంలో దానికీ వాటా ఉందని చెప్పింది.

నజ్‌హాకు తను కూర్చోబెట్టిన ముఖాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. దగ్గుతూ వచ్చి ఇంకా దగ్గుతూ దిగిపోయిన వాళ్లకు, రోగం ముదిరిందని తనే సర్దిచెప్పింది. కరెంటు ఇవ్వాల్సిన వాళ్లు ఇవ్వరు. జనరేటర్ల కరెంటు అమ్ముకుని బతికే వాళ్లు ఇవ్వనివ్వరు. ఊపిరి పోయేది మాత్రం విదాద్‌ది.

"కింద పొగ, పైన ఇది. మరి నన్నెక్కడ దాస్తావే?" అంది మాస్కులోంచి విదాద్.

నజ్‌హా ఆ గీత ఎన్నింటికి లేస్తోందో డాక్టరును మళ్లీ అడిగింది.

మర్నాడు ఒంటిగంటకు అక్కను తూర్పు గదిలో పడుకోబెట్టి, పడమటి తలుపులన్నీ మూసింది. కింది గదిలో దిగిన ముసలాయన కాఫీ కప్పుతో వచ్చి, గాలి వచ్చే వేళకు మూస్తున్నారేమని అడిగాడు.

"లోపల కూర్చోండి, అన్నయ్యా," అంది నజ్‌హా, ఆయన ముఖంలోకి చూడలేక. "ఇన్నేళ్లూ మీ అందరికీ తప్పు చెప్పాను."